మూడో పోటు

భుయ్యాడీహ్,
9-8-1984

ధర్మరాజు బావకి,

క్షేమం అడిగే ఓపిక లేదు, సూటిగా రాసి మనిషి చేత పంపుతున్నాను. అమ్మ లివర్‌లో గడ్డ ఉందని డాక్టరు రెండుసార్లు సూది గుచ్చి ముక్క తీశాడు. రెండుసార్లూ ముక్క నలిగిపోయింది, ఏ జబ్బో చెప్పలేమని రిపోర్టు వచ్చింది. ట్రేలో పడేసిన సూది పాకెట్టు చూశాను. మనం సూదులు చేసే గమ్హరియా షెడ్డుదే.

నేను సానరాయి మీద నీళ్లు పోస్తూ నిదానంగా అంచు తీసే రోజుల్లో, ప్రతి పెట్టెలోంచి ఒక సూదిని పచ్చి బొప్పాయిలో గుచ్చి చూసేవాళ్లం. ముక్క చెదరకుండా వస్తేనే పెట్టె బయటికి వెళ్లేది. నువ్వు ఇన్‌చార్జివయ్యాక సాన మాన్పించి, అంచుని ప్రెస్సు మీద ఒక్క దెబ్బతో కొట్టిస్తున్నావు. అంచున సన్నటి పీచు మిగిలిపోతోంది, అది కండను చిదిమేస్తుందని మొత్తుకున్నాను. "ఒక్కపాలి వాడి పారీసీ సూదికి ఇంత సోకేటిరా? తోల్లో దిగిందా నేదా, అది సూడు" అన్నావు.

దిగుతుంది బావా. ముక్కని మాత్రం నలిపి తెస్తుంది.

నేను సానపట్టిన సూదుల పాత పెట్టె ఒకటి ఆస్పత్రి బీరువాలో మిగిలింది. అందులోది వాడమని డాక్టరు కాళ్లావేళ్లా పడ్డాను. రేపు పదింటికి మళ్లీ గుచ్చుతారు. నువ్వు వచ్చి తీరాలి. తల్లి లేని నీకు అన్నం కలిపి పెట్టిన మేనత్త, "మన దర్మరాజు సేసిన సూదే గదేటి, నొప్పెట్టదు" అని అందరికీ చెప్పుకుంటోంది. మూడోసారి ఎందుకో ఆమెకి నువ్వే చెప్పు.

నీ బామ్మర్ది