మైనం మీద పడిన తప్పెట

మద్రాసు

నాయనకు, అమ్మకు ఏసోబు వందనాలు. దేవుని దయవల్ల నా ఒళ్లు బాగుంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వేంపల్లె వైపు వాన పడిందా? నాయనా, ఈ ఉత్తరం అమ్మకు వినిపించే ముందు నువ్వొక్కడివే ఒకసారి చదువుకో. దిగులు పడొద్దు, బాగానే ఉన్నాను. కానీ వారం రోజులుగా నిమిషం కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఇక్కడ పొద్దున లేస్తే చెమట. మూడు పూటలా అన్నమే, సంగటి ముఖం చూసి ఎన్నాళ్లయిందో. ఎవరైనా వస్తుంటే అమ్మను కాస్త చెనిక్కాయల పొడి పంపమను.

గ్రామఫోన్ కంపెనీలో నా పని నీకు తెలిసిందే. మైనపు బిళ్లలు వెచ్చగా ఉంచి పెద్దసారుకు అందించాలి. పాట ఆ మైనం మీద గీతలుగా పడుతుంది. ఎట్లుందో విందామని సూది పెడితే గీతలు చెడిపోతాయి. అందుకే బాగుందనుకున్న బిళ్లను వినకుండానే ఫ్యాక్టరీకి పంపుతాం.

పోయిన వారం మైదుకూరు వైపు నుంచి ఓబులమ్మ అనే పెద్దామె పాడటానికి వచ్చింది. గంట లాంటి గొంతు. మొదటి బిళ్ల వింటే మాత్రం జొన్నపాతరలో కూర్చుని పాడినట్టుంది. తప్పు సగం నాదే. ట్రాముల చప్పుడు రాకూడదని గోడలకు రెండు వరసల కంబళ్లు వేలాడదీశాను. సారు ఒక వరస తీయించాడు. పాత మైకు తీసి కొత్తది పెట్టాడు, మైనం గీసే సూది మార్చాడు. అందరికీ ఒకటే మైకు కాబట్టి ఆమెను దగ్గరికి, తప్పెట కొట్టే మద్రాసతన్ని తలుపు దాకా జరిపాడు. ఇంకో బిళ్ల చెడగొట్టి విన్నాం. కొంచెం తేట పడింది గానీ, తప్పెట బుంయ్‌మని ఆమె మాటలను కప్పేస్తూనే ఉంది. ఇక ఒక్క బిళ్లే మిగిలింది. ఆమెకు సాయంత్రమే రైలు.

ఓబులమ్మ నన్ను పిలిచింది. "మీది ఏ ఊరప్పా? వేంపల్లె పక్కనా? అట్లయితే నీకు తెలీదా? తప్పెట మంటకు కాయకుండా కొడతాండారు. ఈ ఉప్పుగాలికి తోలు సాగిపోయుండాది."

నాకు తెలుసు నాయనా. పొద్దుటి నుంచీ తెలుసు. నోరు మూసుకుని ఉన్నాను.

మైనం కరుగుతుందని సారు నిప్పు లోపలికి రానివ్వడు. పెరట్లో గడ్డి మంట వేసి కాచాను. వేలితో కొడితే ఖంగుమంది. కానీ మద్రాసతనికి మన దరువు రాలేదు, అంచు వదిలి నడిమిన కొట్టాడు. తోలు చల్లారిపోతోంది.

"నువ్వు కొట్టప్పా," అంది ఓబులమ్మ.

"మా నాయనకు మాటిచ్చినా, తప్పెట ముట్టనని."

"కాచేటప్పుడు ముట్టలేదా?"

ఊళ్లో చావులకు రేయ్ అని పిలిచినప్పుడల్లా తప్పెటతో పోయి వాకిట్లో నిలబడ్డావు. బాప్తిస్మం రోజు దాన్ని పొయ్యిలో పెట్టి, నా చేత మాట తీసుకున్నావు. అదంతా గుర్తుంది. అయినా కొట్టాను. ఇక్కడ నన్నెవరూ రేయ్ అనలేదు నాయనా. అయిపోయాక సారు నాకు కుర్చీ వేశాడు.

ఆ బిళ్ల ఎవరూ వినలేదు, ఫ్యాక్టరీకి పోయింది. బాగా పడిందో లేదో తెలియదు. రోజూ గేటు దగ్గరికి పోయి రికార్డు వచ్చిందా అని అడుగుతున్నాను. రావాలని ఉంది, వస్తే భయంగా ఉంది. మన మిషన్ దొరగారి బంగళాలోని గ్రామఫోన్‌లో మోగితే మొదటి దెబ్బకే పోల్చుకుంటావు. వేరేవాళ్ల నోట వినకూడదని నేనే చెబుతున్నాను.

ఎంత కోపమొచ్చినా జవాబు రాయి. నా కోసం ప్రార్థన మానొద్దు. పాస్టరయ్యకు, చిన్నాయనకు వందనాలు, చెల్లికి ముద్దులు.

ఎవరు నేర్పారని ఓబులమ్మ అడిగింది. చెప్పలేదు. నువ్వు నేర్పలేదని నీకూ తెలుసు. ఆదివారం పాస్టరయ్య ప్రసంగం చెబుతుంటే నీ వేళ్లు బల్ల అంచు మీద ఆడుతుంటాయి. నేను పక్కనే కూర్చునేవాణ్ణి.

నీ కొడుకు
ఏసోబు