పొయ్యొస్తా అను

అమ్మా, ఆదోని హాస్టల్ నుంచి తేజస్విని. ఫోన్లు వార్డెన్ దగ్గరున్నాయి, అందుకే కార్డు. నేను బాగున్నాను.

కంప్యూటర్ క్లాసులో సి లాంగ్వేజ్ మొదలుపెట్టారు. నిన్న ల్యాబులో రెండు అంకెలిచ్చి, కూడి తెమ్మని పంపే ఫంక్షన్ రాస్తే, స్క్రీన్ మీద ఏదో పిచ్చి అంకె వచ్చింది. సార్ చూసి, "పంపిచ్చినావు సరే, తిరిగి రమ్మని సెప్పల్ల గదమ్మా! రిటర్న్ యాడ?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఎమ్మిగనూరు బస్టాండు గుర్తొచ్చి కళ్లు తడిశాయి. హాస్టల్‌కు బయల్దేరిన రోజు "పోతాండా అవ్వా" అన్నందుకు అవ్వ నన్ను బస్సు దింపింది. "పోతా అనగూడదు, పొయ్యొస్తా అను" అని, నాతో అనిపించాకే ఎక్కనిచ్చింది.

అవ్వ ఇంకా మగ్గానికి నూలు కండెలు చుడుతోందా? మగ్గం గుంటలో కూర్చుని నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్న ఇటు వస్తే చెనిక్కాయల పొడి పంపు. పరీక్షలయ్యేదాకా సెలవివ్వరట.

ప్రోగ్రాం చివర 'రిటర్న్ సున్నా' అని రాస్తాం. వెళ్లిన పని చక్కగా ముగించి తిరిగొచ్చానని అర్థం. ఈ కార్డు చివర నేనూ సున్నా పెట్టబోయి ఆగిపోయాను. నేనింకా ఇంటికి తిరిగి రాలేదు కదా! అవ్వకు దండాలు చెప్పు. కార్డు పారేయొద్దని కూడా చెప్పు. కింద ఖాళీ వదిలాను, వచ్చి సున్నా పెడతాను.