తాత పెట్టిన మూడు పూసలు

గురువారం, సూర్యాపేట

నాణేలు పోగేసేవాళ్లు ఒక్కసారైనా దొరికితే చాలనుకునే నిజాం కాలపు బంగారు అష్రఫీ ఇవాళ నా అరచేతిలో పడింది. మిర్యాలగూడ నుంచి ఒక సారు మా బంగారం పని దుకాణానికి తెచ్చాడు. మెడలో వేసుకోవడానికని ఎవరో చార్మినార్ బొమ్మ పైన రింగు అతికించుకున్నారు.

"ఈ రింగు తీసెయ్యి. మచ్చ గూడ కనవడొద్దు. అతుకుంటే దీన్ని ఎవ్వరు లెక్కజెయ్యరు," అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. అతుకు పక్కన ఆవగింజ కన్నా చిన్న పూసలు మూడు. అది మా తాత గుర్తు. తను చేసిన ప్రతి వస్తువు మీదా పెట్టేవాడు.

"ఇది మా తాత పని సార్. నా చేతులతోని తియ్యలేను," అన్నాను.

ఆయన భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. "గింత సన్నగ ఎట్ల పెట్టిండయ్యా," అని నాణెం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. కోదాడలో ఇంకెవరితోనైనా తీయిస్తాడేమో...

నేనంత పనివాణ్ణా అని ఇన్నేళ్లూ ఏ గుర్తూ పెట్టుకోలేదు. సాయంత్రం వెండి పట్టీలకు కొక్కెం అతికించాక, పక్కన మూడు పూసలు పెట్టి చూశాను. రెండుసార్లు కరిగిపోయాయి. మూడోసారి నిలబడ్డాయి.