రెండంగుళాల మర్యాద

6 మే 2001, ఆదివారం

ఫిల్మ్ నగర్ ఇంటికి చేరాను. నెల పైన సెలవు. అమ్మ చూడగానే చిక్కిపోయావే అంది. చిక్కిపోతే ఈ సెలవెందుకు!

ఆర్మీలో నా ఐదేళ్లు నిండుతున్నాయి. జూన్ 12న మెడికల్. ఫిట్ అయితేనే ఎక్స్‌టెన్షన్. లేకపోతే కెప్టెన్ మనోజ్ఞ యూనిఫామ్ మడిచి పెట్టెలో పెట్టుకోవాల్సిందే. నా బరువు చార్టు దాటింది కాబట్టి మా డాక్టరు టేపు తీస్తాడు. మెడ, నడుము, హిప్స్ కొలిచి, ఎత్తు కూడా ఫార్ములాలో వేస్తే బాడీ ఫ్యాట్ ఎంతో తేలుతుంది. నా లెక్క ప్రకారం నడుము ముప్పై అంగుళాలకు రావాలి. పోయిన వారం యూనిట్లో నర్సు కొలిస్తే ముప్పై మూడు.

7 మే

టేపుకి మా ఇంట్లో కొదవా? నాన్న సినిమా కాస్ట్యూమర్. కొలిచి ముప్పై ఒకటి అన్నాడు. అయితే యూనిట్లో ఆ నర్సుకి కొలవడం రాదన్నమాట.

పొద్దున్నే షేక్‌పేట దాకా పరుగు. దిగడం హాయి. తిరిగి ఎక్కేటప్పుడు ప్రాణం కళ్లలోకొచ్చింది.

10 మే

పెద్దమామయ్య వచ్చాడు. హైటెక్ సిటీలో జావా అనగలిగితే చాలు ఉద్యోగం ఇస్తున్నారట, ఈ పరుగులెందుకట. నాన్న తలవంచుకుని సూదిలో దారం ఎక్కించుకున్నాడు. నా తరఫున ఒక్క మాట అననందుకు కోపం వచ్చింది.

14 మే

ముప్పై! నాన్న నోటితో చదివాడు. కొత్త ఆవకాయ, వేడన్నం, నెయ్యి. రెండుసార్లు కలుపుకున్నాను. రేపు పరుగు లేదు.

17 మే, మధ్యాహ్నం

నాన్నకి క్యారియర్ ఇద్దామని స్టూడియోకి వెళ్లాను. హీరోయిన్‌కి కొలతలు తీస్తున్నాడు. నడుము ఇరవై ఆరు అని చదివాడు. పక్కన నాన్న అసిస్టెంట్ పోచయ్య బాబాయ్ ఇరవై ఎనిమిది అని రాసుకున్నాడు. బయటికి తీసుకెళ్లి అడిగాను. సారు చదివినదానికి రెండు కలిపి రాసుకుంట బిడ్డా, నడుమొక్కటే గట్ల, ఇరవై ఏండ్ల సంది గిదే నడుస్తుంది అన్నాడు. ఉన్నదున్నట్టు చదివితే ఆ రోజు షూటింగ్ క్యాన్సిలేనట.

ఇంటికొచ్చి నేనే కొలుచుకున్నాను. ముప్పై రెండున్నర.

17 మే, రాత్రి

నాన్న మీద అరిచాను. నేను ఫెయిలై ఇక్కడే జావా నేర్చుకుంటూ కూర్చోవాలనే కదా అన్నాను. నోరు జారింది. నాన్న మెడలోని టేపు తీసి చుట్టిపెట్టాడు. తర్వాత, ఆడపిల్ల ముందు నిలబడి టేపు పట్టుకుంటే నా నోటికి అసలు నంబరు రాదమ్మా, నీ దగ్గరా అదే అలవాటు వచ్చేసింది అన్నాడు. పైగా ముప్పై అనగానే నువ్వు నవ్వావు కదా అన్నాడు.

నిజమే, నవ్వాను.

18 మే

పరుగు. ఆవకాయ జాడీ అమ్మ అటక మీద పెట్టింది.

24 మే

పరుగు. మోకాలు నొప్పి. మెడ లావెక్కితే ఫార్ములాలో కొవ్వు తగ్గుతుందని గుర్తొచ్చి, దిండు తలకి అడ్డం పెట్టి గోడని నెట్టాను. అమ్మ చూసి, దిష్టి తీస్తానంటూ ఉప్పు తెచ్చింది.

3 జూన్, ఆదివారం

నాన్నే టేపు తెచ్చాడు. నేను అడగలేదు. చుట్టాడు, వంగి చూశాడు, గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఒకటి అన్నాడు. టేపు నావైపు తిప్పాడు. ముప్పై ఒకటే.

ఇంకా అంగుళం ఉంది. అయినా ఏడుపొచ్చింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు. నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు. ఈ మాట చెప్పడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు.

8 జూన్

రైల్లో. అమ్మ కట్టిచ్చిన పులిహోర ఎదురు సీటు పిల్లలకి ఇచ్చేశాను. వాసన మాత్రం నాకే.

12 జూన్

నర్సు ముప్పై అని చదివింది. నమ్మలేదు. టేపు నావైపు తిప్పమన్నాను. విసుక్కుంటూ తిప్పింది. ముప్పయ్యే. ఫిట్.

ఎస్‌టీడీ బూత్ నుంచి ఇంటికి చేశాను. నాన్న ఎత్తి, ఎంతొచ్చిందమ్మా అన్నాడు.

ఇరవై ఎనిమిది అన్నాను. పోచయ్య బాబాయ్‌ని రాసుకోమన్నాను.