టేపు పెట్టి చూడండి

డాక్టరు బాబుగారికి,

మీరంతా దర్జీ మామ్మ అని పిలుస్తారే, ఆ మామ్మని నేనే. నిన్న ఆసుపత్రి వరండాలో మీరు మా అబ్బాయితో నా గురించి అన్న మాట నా చెవిన పడింది. "ఊపిరితిత్తిలో గడ్డ చిన్నదే, కోసి తీసేయొచ్చు. కానీ డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి ఆపరేషనెందుకు?" అన్నారు. వాడు తలూపాడు. వాడికి డాక్టర్లంటే భయం, నాకు లేదు.

చూడాల్సింది వయసొక్కటే కాదు, ఒంట్లో సత్తువ అని మీ పుస్తకాల్లోనే ఉందట. గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష కూడా ఉందట. ఎవరు చెప్పారో అడక్కండి, పాపం ఆ పిల్ల ఉద్యోగం పోతుంది.

నేను ఏనాడూ వయసు అడిగి గుడ్డ కత్తిరించలేదు బాబూ. అరవై ఏళ్లుగా టేపు పెట్టి కొలిచాకే కత్తెర వేస్తున్నాను. మీ కోటు కుట్టినప్పుడు, మీకు ఎడమ భుజం కాస్త దిగి ఉంటుందని అలాగే తెలిసింది.

సోమవారం పదింటికి వస్తాను. మీ గది మూడో అంతస్తులో కదా, లిఫ్టు ఎక్కను. మీరు మెట్ల పైన నిలబడి చూడండి. మధ్యలో కూలబడితే నేనే వెనక్కి వెళ్లిపోతాను. లేదంటే ఆ పరీక్షకి చీటీ రాయండి.

కుట్టిన తెల్లకోట్ల మూట కూడా నా భుజం మీదే ఉంటుంది.

మీ కొలతలన్నీ తెలిసిన
దర్జీ మామ్మ