గోడ అవతలి గ్లఫీరా

పీటర్స్‌బర్గ్, మార్చి 9

ఉస్తీన్యా అక్కా,

నాకేం కాలేదు, ముందే చెబుతున్నాను. గాలిలో చెయ్యి ఆడిస్తే పలికే థెరెమిన్‌ని డిజిటల్‌గా నేనే తయారుచేస్తున్నాను కదా, గోడ పక్కనున్న ఆ వాయిద్యం రోజూ దానంతటదే కూస్తుంటే ప్రోగ్రాంలో తప్పనుకున్నాను. నిన్న కీచుమని ఒకటే స్వరం, ఆగదే! గోడకు దూరంగా జరిపితే నోరు మూసుకుంది. అంటే రోజూ దాన్ని కూయిస్తున్నది గోడ అవతల తిరిగే మనిషే, ఇప్పుడా మనిషి కదలడం లేదు! గోడ బాదాను, పలుకు లేదు. తలుపు విరగ్గొడితే పక్కింటి గ్లఫీరా అవ్వ గోడకు ఒరిగిపోయి, స్పృహ లేకుండా ఉంది. ఆసుపత్రిలో కళ్లు తెరిచి, "నా తలుపు ఎవడు బాగుచేస్తాడ్రా ప్లటోన్?" అంది.

ఎండు పుట్టగొడుగులు పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? నానమ్మ ఇంకా ఒంటరిగానే పడుకుంటోందా? ఇవాళ్టి నుంచి నీ మంచం ఆమె గదిలో వెయ్యి.

అందరికీ దండాలు.

నీ తమ్ముడు
ప్లటోన్