కుడివైపు తిరిగిన నాళం

జగ్గయ్యపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్న, చెన్నకేశవరావు భార్యనైన కన్యకాపరమేశ్వరి అను నేను, వయస్సు యాభై ఎనిమిది, వచ్చే సోమవారం విజయవాడలో గుండె దగ్గర ఆపరేషన్‌కు వెళ్తూ, పూర్తి తెలివిలో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా. తెలివి సంగతి మా ఆడపడుచు నాగశ్రీ ఒప్పుకోదు. డాక్టరుగారు ఒప్పుకున్నారు, చాలు.

1. కొట్టు నా స్వార్జితం. నా తదనంతరం నా కుమారుడు నవీన్‌బాబుకు సర్వహక్కులతో చెందాలి. వాడు బేరంలో మెత్తన, వాళ్ళ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆయనదే.

2. నా శరీరాన్ని, వాళ్ళు తీసుకుంటామంటే, మెడికల్ కాలేజీకి ఇవ్వాలి. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం అందరికీ ఎడమకు వంగుతుందట. నాకు పుట్టుకతోనే కుడికి తిరిగింది. ఎడమ చేతికి పోయే కొమ్మ మొదట్లోనే ఉబ్బి, అన్నవాహిక వెనకగా దూరి దాన్ని నొక్కుతోంది. గట్టి ముద్ద దిగకపోవడం అందుకేనట. స్కాన్‌లో ఆ వంపును మళ్ళీ మళ్ళీ చూపించమన్నాను. ఇంత వింతను లోపల పెట్టుకుని ఇన్నేళ్ళూ గ్లాసులు తుడుచుకుంటూ కూర్చున్నానా అనిపించింది. చదువుకునే పిల్లలు కోసి చూడాలి. నేను చూడలేను, అదే బాధ.

3. నా పెళ్ళి పట్టుచీర నాగశ్రీకి. బంతిలో ఒక్కరు తింటున్నా మిగతావాళ్ళు లేవకూడదు కదా. నా పెళ్ళి బంతిలో అందరూ చేతులు ఎండబెట్టుకుని నా కోసం కూర్చుంటే, "ఈ వగలాడి లేచేసరికి రెండో బంతోళ్ళకి ఆకలి చచ్చిపోద్ది" అన్నది ఆమె. ఆనాటి నుంచి వంటింట్లో అందరి తర్వాత ఒక్కదాన్నే తిన్నాను. ఆ మాట మరవలేదు. జ్వరమొస్తే నాకు జావ కాచి పట్టింది కూడా ఆమే. చీర అందుకు.

4. నా గాజులు మనవరాలు సాయిప్రియకు. వాటిని బీరువాలో దాచొద్దు. అవి అమ్మి అయినా సరే పిల్ల ఛాతీకి స్కాన్ తీయించాలి. పిల్ల ముద్దముద్దకీ నీళ్ళు తాగుతోంది. నవీన్ మొండితనమంటాడు, కోడలు దిష్టి తీస్తుంది. నన్నూ ఎండుమిరపకాయలు తిప్పే పెంచారు. ఈ నాళం వంపు వంశంలో రావడం అరుదేనట, అయినా చూపించమన్నారు డాక్టరుగారు. ఇబ్బంది లేకపోతే కొయ్యక్కర్లేదట. ఉంటే మాత్రం చిన్నప్పుడే ఆ బిగింపు విప్పొచ్చట. నాకా పిల్ల అంటే ప్రాణం, ఆలస్యం చేయొద్దు.

5. పెద్దకర్మ భోజనాలు పెట్టాలి. శరీరం లేకుండా కర్మ ఎలాగో పురోహితుణ్ణి అడగండి, నాకూ తెలుసుకోవాలని ఉంది. మొదటి బంతిలో సాయిప్రియను, దాని పక్కన నాగశ్రీని కూర్చోబెట్టాలి. పిల్ల ఆఖరి ముద్ద మింగేదాకా ఎవరూ లేవకూడదు.

నేను తిరిగొస్తే మొదటి మూడూ ఆగుతాయి. నాలుగోది ఆగదు. ఐదోదీ ఆగదు, కర్మ లేకుండా ఉత్త భోజనాలు చాలు. పిల్లకు రెండో పక్క నేను కూర్చుంటాను.

జగ్గయ్యపేట, 14 నవంబరు 2024
(సంతకం) కన్యకాపరమేశ్వరి

సాక్షులు:
రాంబాబు, పక్క కొట్టు
థామస్, ఉపాధ్యాయుడు, నందిగామ